సంవత్సరాంతమున ఆత్మపరీక్ష

డిసెంబరు మాసపు కడపటి వారమున, చదువుకొన్నవారిలో పెక్కురు దినచర్య పుస్తకమును ముందు పెట్టుకొని, గడచిన పండ్రెండు మాసములలో తామేమి చేసితిమి, యేమి చేయక విడిచితిమి యని తలపోసికొనుట వాడుక. ఈ వాడుక మంచిదే. దీనిని మేమును పాటింతుము. పాటింపుడని యితరులకును చెప్పుచుందుము. కాని యీ పరీక్షను గూర్చి యొక ప్రశ్న మమ్ము చిరకాలముగా విడువక వెంటాడుచున్నది. తన్ను తాను పరీక్షించుకొనువాడు తన దోషమును నిజముగా కనుగొనగలడా? కనుగొనలేనిచో ఆ లెక్క యెవరు చూడవలెను?

సంవత్సరము ముగియుట యనునది మనుష్యుడు గీచుకొన్న గీత యని యెవరైన ననవచ్చును. అది నిజమే. నెల్లూరి తీరమున నొక్క సంవత్సరమునకు నాలుగైదు అంతములు కలవు. పంచాంగము ననుసరించువానికి ఉగాదితో సంవత్సరము మారును. రెవిన్యూ కచేరీ వారికి జూన్ 30తో ఫసలీ ముగియును. బ్యాంకులకును వర్తకులకును మార్చి 31తో లెక్క తెగును. మైపాడు, తుమ్మలపెంట మొదలగు పల్లెలలోని పట్టపువారికి ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు కడలి మీదికి పోరాదను నిషేధ మున్నది గనుక, ఆ వేసవి విరామమే వారికి వలలు బాగుచేసికొని అప్పులు లెక్క చూచుకొను కాలము. డిసెంబరు కడపటి దినములలో సముద్రము మాత్రము ఈశాన్యపు గాలికి యథాప్రకారము పొంగుచునే యుండును. పొలములలో నాట్లు సాగుచునే యుండును. అయినను, ఎక్కడనో యొకచోట నిలిచి వెనుకకు చూడనివాడు ఎక్కడను నిలువడు. కావున గీత యెక్కడ గీచితిమను దానిని గూర్చి మేము వాదింపము.

ఈ యభ్యాసము మన కాలమున పుట్టినది కాదు. రోము నగరమున సెనెకా యను తత్త్వవేత్త, తనకు పూర్వుడైన సెక్స్టియసు యొక్క మాదిరి ననుసరించి, ప్రతి రాత్రియు దీపము తీసివేసిన తరువాత నాటి మాటలను, చేతలను మరల నొక్కొక్కటిగా విచారించుకొనెడివాడట; ఆయన యలవాటెరిగిన భార్య ఆ సమయమున మౌనముగా నుండెడిదట. అమెరికాలో బెంజమిను ఫ్రాంక్లిను పదుమూడు సద్గుణములకు పట్టిక గీచి, ఏ దినమున దేనియందు తప్పినను అచ్చట నొక నల్ల చుక్క పెట్టుకొనెను. ఆయన సత్యసంధుడు గనుక, వినయ మను పదుమూడవ గుణమున తనకు లభించినది దాని స్వరూపము కాదు, దాని వేషమే యని ఆత్మచరిత్రములో నొప్పుకొనెను. ఈ యొప్పుకోలు మాకు పదుమూడు గుణముల పట్టిక కంటె విలువైనదిగా తోచుచున్నది. ఏలయన, పట్టిక యెంత చక్కగా నిండినను, అందులో లేనిది వేరొకటి యుండునని దానివలననే తెలియుచున్నది.

సామాన్యముగా మన సంవత్సరాంతపు లెక్కలో ఏమేమి యుండును? చదివిన గ్రంథములు, చేసిన ప్రయాణములు, గతించిన బంధువులు, సభలలో చేసిన యుపన్యాసములు, ధర్మకార్యములకు వేసిన చందాలు, పట్టవలసిన కోపము పట్టలేక పోయిన సందర్భములు. ఇవన్నియు నిజములే. ఈ లెక్కలో అబద్ధము వ్రాయువారు మిక్కిలి యరుదు. తలుపు మూసికొని యొంటరిగా కూర్చుండి తనకు తాను అబద్ధము వ్రాసికొనుట వలన లాభమేమి? అట్లయిన దోషమెక్కడ నున్నది? అది వ్రాసిన పంక్తులలో లేదు. ఏ పంక్తులకు చోటు పెట్టితిమి, వేనికి చోటు పెట్టలేదు అను దానియందున్నది. ఈ సంగతి మన తీరమున మరియొక విధమైన లెక్క పుస్తకమును చూచినవారికి సులభముగా బోధపడును. అందుచేత దానిని గూర్చి కొంచెము విపులముగా చెప్పెదము.

పెన్నానది సముద్రమున కలియు ప్రాంతము మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు, కాలువ గట్లమీదను, సరుగుడు తోపుల యంచులను, చెరువుల ప్రక్కలను యానాదుల గుడిసెలు కనబడును. వీరు ఈ భూమికి మిక్కిలి ప్రాచీనులు. పాముల జాడ, ఎలుకల కన్నముల జాడ, పీతలుండు బురద, మందుకు పనికివచ్చు వేరు, వీనిని వీరెరిగినట్లు మరియొకరెరుగరు. మన యిండ్లలో కట్టె కొట్టినవారు, పంటకు కావలి కాచినవారు, గొడ్లను మేపినవారు వీరు. 1980 తరువాత కొన్నియేండ్లకు తీరమున రొయ్యల గుంటలు ప్రబలినపుడు ఆ గుంటలకు రాత్రింబవళ్ళు కావలియుండినవారును పెక్కుచోట్ల వీరే. వీరికి పనిలో చేరునప్పుడు కొంత రొక్కము ముందుగా నిచ్చుట వాడుక. ఆ రొక్కము పుస్తకములోని కెక్కును, వ్రేలిముద్ర పడును. జబ్బుచేసిన నాడు ఇచ్చినది, పెండ్లికి ఇచ్చినది, పండుగకు ఇచ్చిన బట్ట, అన్నియు దాని క్రింద చేరును. సంవత్సరము తిరిగిన పిమ్మట లెక్క చూడగా బాకీ పెరిగియుండును గాని తరిగియుండదు. తండ్రి బాకీకి కొడుకు కావలి కాచుటయు ఈ జిల్లాలో వినని మాట కాదు.

ఈ పుస్తకమును వ్రాసిన యజమానులందరును కపటులని మేము తలపము. వారిలో దయగలవారును, ప్రార్థన మానక చేయువారును ఉండిరి. ఫలానా దినమున ఇంత ఇచ్చితినని వ్రాసినది నిజముగా ఇచ్చినదే. కాని ఆ కావలివాని భార్య తెల్లవారకమునుపే వచ్చి పెరడు చిమ్మిన పనికి ఆ పుస్తకములో పంక్తి లేదు. వాని పదేండ్ల కొడుకు గొడ్ల వెంట తిరిగిన దినములకు పంక్తి లేదు. వర్షాకాలపు రాత్రులలో గట్టు తెగకుండ వాడు మోకాటిలోతు నీటిలో నిలిచిన గంటలకు పంక్తి లేదు. ఉన్న ప్రతి పంక్తియు సత్యమై, పుస్తకమంతయు అసత్యమగుట యెట్లో తెలియగోరువారికి ఇంతకు మించిన దృష్టాంతము దొరకదు.

ప్రభుత్వము వారును వీరిని గూర్చి యొక పుస్తకము పెట్టిరి. 1871లో ఉత్తర హిందూస్థానమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికిని వచ్చినది. యానాదులలో కొందరు ఆ పట్టికలో చేర్చబడిరి. పట్టికలో పేరున్నవాడు ఏ నేరము చేయకున్నను పోలీసువారికి హాజరు చెప్పుకొనవలసినదే. ఊరు విడువవలెనన్న చెప్పి పోవలసినదే. ఈ యన్యాయమును తొలగించుటకై నెల్లూరివారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు (1897–1981) యానాదుల నడుమ తిరిగి, వారిని సంఘములుగా కూర్చి, దశాబ్దముల తరబడి పాటుపడిరి. 1962లో వారిని గూర్చి యొక గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించిరి. మదరాసులో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చి, అట్టి బాకీలన్నియు చెల్లవని చెప్పినది. చట్టము వచ్చినను ఆ యాచారము దానంతట అది మాసిపోలేదు. అటుపిమ్మట కూడ ఈ జిల్లాలో యానాది కుటుంబములను అధికారులు వెట్టినుండి విడిపించుట జరిగినది.

ఇప్పుడు మా ప్రశ్నకు మరలుదము. కావలివాని బాకీ లెక్క వ్రాసిన చేయియు, సంవత్సరాంతమున ఆత్మపరీక్ష వ్రాసిన చేయియు ఒక్కటే. రెండవ పుస్తకము వ్రాయునపుడు ఆ చేయి క్రొత్తదగునా? మొదటి పుస్తకమున లేని పంక్తులు రెండవదానిలో ఎక్కడనుండి వచ్చును? ఒక గృహస్థు డిసెంబరు 31 రాత్రి కన్నీటితో "ఈ యేడు కోపము జయింపలేకపోతిని" అని వ్రాసికొని, నిర్మలమైన మనస్సుతో నిదురింపవచ్చును. ఆ రాత్రియే వాని రొయ్యల గుంట గట్టుమీద నొకడు చలిలో మేలుకొనియుండును. కోపము గలవాడని ఆ మేలుకొన్నవాడు యజమానుని నెన్నడును నిందించియుండడు. వాని ఫిర్యాదు వేరు. ఆ ఫిర్యాదు ఈ పుస్తకములోనికి రాదు.

బౌద్ధ భిక్షువులు ఈ చిక్కును మనకంటె ముందుగా నెరిగిరి. వర్షావాసము ముగిసిన దినమున వారు ప్రవారణ మను విధిని జరుపుదురు. ప్రతి భిక్షువును చేతులు జోడించి, తన యందు ఏ దోషమైనను చూచినవారు, విన్నవారు, సందేహించినవారు దయతో చెప్పుడని తోడివారిని వేడుకొనును. తెలిసినచో దిద్దుకొందునని మాట యిచ్చును. ఇందు మమ్ము మిక్కిలి యాకర్షించు సంగతి యేమనగా, అందరిలో వృద్ధుడైన భిక్షువే మొదట కూర్చుండి ఈ మాట పలుకవలెను. అమరావతిలోను, నాగార్జునకొండలోను ఒకప్పుడు నివసించిన భిక్షువులకును ఇది నియమమే. మన తెలుగునేలకు ఇది పరదేశపు సంగతి కాదు. జైనులు పర్యూషణము కడపటి దినమున ఇరుగుపొరుగువారిని, బంధువులను క్షమింపుమని వేడుకొందురు. యూదుల ధర్మశాస్త్రము మరింత కఠినముగా పలుకును: దేవునియెడ చేసిన తప్పునకు ప్రాయశ్చిత్త దినము చాలును గాని, తోడి మనుష్యుని యెడ చేసిన తప్పు ఆ మనుష్యుని సమాధానపరచు వరకు తీరదు. ఆ మనుష్యుడు మరణించియున్నచో పదిమందిని వెంటబెట్టుకొని వాని సమాధికడకు పోయి అచ్చట చెప్పుకొనవలెను.

ఇందులకు మనవారిలో నొకరు వెంటనే ఆక్షేపణ చెప్పుదురు. "సర్వాంతర్యామి యగు పరమేశ్వరుడు మన హృదయమును చూచుచున్నాడు. మనము వ్రాయని పంక్తులును ఆయన కెరుకయే. ఆయన సన్నిధిని నిలిచిన పిదప మరియొకని సాక్ష్య మేల?" ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఏకాంత ప్రార్థనము నిష్ఫలమని మేము చెప్పము. దానివలన మార్పు చెందిన జీవితములను మేమెరుగుదుము. ఆయన కంతయు తెలియుననుటలో సందేహము లేదు. అయినను ఆయన కెరుకయైనది మనకు తెలిసినదని చెప్పవచ్చునా? ఏకాంతమున మనమాయనను అడిగితిమి, ఆయన పలుకలేదు, పలుకలేదు గనుక మన లెక్క సరియేయని లేచి వచ్చితిమి. ఆయన మౌనమును మనము సమ్మతిగా వ్రాసికొనుచున్నాము. గుమ్మమున నిలిచిన పనివాని నోట ఆయన పలుకుచున్నాడేమో యని చెవియొగ్గుటకు మనకు తీరిక లేదు.

రెండవ యాక్షేపణ మొదటిదానికంటె చిక్కైనది. దానికి సమాధానము మాకును సులభముగా దొరకలేదు. భిక్షువులు ఒకరికొకరు సమానులు. యజమానుడు తన కావలివానిని పిలిచి "నాలో దోషమేమో చెప్పుము" అని యడిగినచో వాడేమి చెప్పును? "మీలో తప్పేమున్నది సామీ, మీ యుప్పు తిని బ్రదికెడివాళ్ళము" అనును. అట్లనక తప్పదు వానికి. రేపటి గంజి ఆ నోటిమాట మీద నాధారపడియున్నది. అట్టివానిని నిలబెట్టి నిజము చెప్పుమనుట వినయము కాదు. వానిని మరియొక మారు పరీక్షకు పెట్టుటయే. పైగా ఆ జవాబును యోగ్యతాపత్రముగా మడిచి జేబులో వేసికొనువారును కలరు. కాబట్టి అడుగుట మాత్రమే చాలదు. చెప్పినందువలన నష్టము కలుగని స్థితిలో చెప్పువా డుండవలెను.

అట్టి స్థితి యొకమారు ఈ జిల్లాలోనే యేర్పడినది. దానిని మనము తగినంతగా తలచుకొనుట లేదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా ఉద్యమము ఆరంభమైనది. రాత్రివేళల వీథిదీపము క్రింద కూలిపని చేయు స్త్రీలు పలకలు పట్టిరి. వారి వాచకములలో నొకటి సీతమ్మ కథ. త్రాగుడువలన నొక సంసారము చెడిన వృత్తాంతము. ఆ పాఠము చదివి, ఇది మన కథయే గదా యని వారు మాటలాడుకొనిరి. దూబగుంట గ్రామమున స్త్రీలు కలిసికట్టుగా పోయి సారాయంగడిని మూయించిరి. ఆ గ్రామపు రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. 1992లో నెల్లూరున సారా పాటలు జరుగకుండ స్త్రీలు అడ్డుపడగా, వేలము మాటిమాటికి వాయిదాపడెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి.

ఈ వృత్తాంతమును మద్యనిషేధ చరిత్రగా చెప్పుట వాడుక. మేము దానిని లెక్కల చరిత్రగా చూచుచున్నాము. సారా వలన ఖజానాకు ఏటేట వందలకోట్ల రూపాయలు వచ్చుచుండెను. ప్రభుత్వపు పుస్తకములో అది ఆదాయము. మార్చి 31న ఆ పుస్తకమును పరీక్షించినవారు పైసాతో సహా సరిగా నున్నదని సంతకము చేసిరి. అందులో వారు చేసిన తప్పు లేదు. అదే సొమ్ము దూబగుంటలో నొక యింటి గంజికుండలో లోటు. ఆ లోటు ఏ పుస్తకములోను లేదు. దానిని వ్రాయువారు అంతవరకు అక్షర మెరుగరు. వారు అక్షరము నేర్చిన మరునాడే ఆ పంక్తి వెలుపలికి వచ్చినది. మరియొక సంగతియు గమనింపదగినది. ఒక్కొక్క స్త్రీయు ఒంటరిగా దొడ్డివాకిట నిలిచి చెప్పుకొన్నచో ఆమె మాట యెవరు వినియుందురు? నలువదిమంది యొక్కచోట కూర్చుండి చదివిరి గనుక, నలువదిమంది గొంతు గనుక, వినక తప్పలేదు. 1997లో జరిగిన దేమనగా, పాత పుస్తకములోని ఆదాయపు పంక్తి మరల కావలసివచ్చినది; గంజికుండ పంక్తిని చెరిపివేసిరి. మన జిల్లా పెద్దలలో నెందరు అప్పుడు నోరు విప్పిరో ఎవరికి వారు తెలిసికొనవలసినదే.

అడుగకయే వచ్చి చెప్పువా రుండుట గొప్ప భాగ్యము. అట్టి భాగ్యము మన పట్టణమునకు పట్టినది. పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి యాలయములోనికి హరిజనులను రానీయవలెనని నిరాహారవ్రతము పట్టిరి. అటుపిమ్మట చెప్పులు లేకయే, గొడుగు లేకయే, మండుటెండలో, హరిజనులయెడ మన కర్తవ్యమును వ్రాసిన అట్టలు తగిలించుకొని నెల్లూరి వీథులలో తిరిగెడివారు. ప్రవారణమున భిక్షువు వేడుకొనగా దొరకు మాట మనకు వేడకయే ఇంటిముందునకు వచ్చినది. దానికి పట్టణములోని గౌరవనీయులు పలువురు చెప్పిన ప్రత్యుత్తరము, ఆయనకు మతి చలించినదని. 1952 డిసెంబరు 15న, వ్రతము పట్టిన 58వ దినమున, మదరాసున ఆయన ప్రాణములు విడిచెను. 2008లో జిల్లాకే ఆయన పేరు పెట్టిరి. ప్రత్యేక రాష్ట్రమునకై ప్రాణమిచ్చిన మహనీయునిగా నేడు ఆయనను పూజించుచున్నాము, అది న్యాయమే. కాని ఆయన మెడలో వ్రేలాడిన అట్టమీది మాటకు సమాధాన మిచ్చితిమా? విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. విగ్రహమునకు అట్టలు లేవు గదా!

వాయిదా వేయుటలో నున్న యపాయమును ఈ తీరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26, ఆదివారము, సుమత్రా దీవి ప్రక్కన భూకంపము పుట్టి, ఉదయపు వేళ సునామీ మన యొడ్డును తాకెను. పలు దేశములలో రెండు లక్షలకు పైగా జనులు మరణించిరి. ఆంధ్రతీరమున పోయినవారు నూరుమందికి పైబడిరి. సంవత్సర మింకను అయిదు దినములుండెను. ఆ వారము కడపటి రాత్రి లెక్క చూచుకొందమని యెన్ని యిండ్లలో అనుకొనియుందురో! కొందరి విషయమున చెప్పవలసినవాడు మిగిలెను, వినవలసినవాడు లేడు. కొందరి విషయమున వినవలసినవాడు మిగిలెను, చెప్పవలసినవాడు లేడు.

కాబట్టి మా మనవి యిది. దినచర్య పుస్తకము తెరచుటకు ముందు, మనవద్ద నెవరెవరి బాకీలు వ్రాయబడియున్నవో ఆ పుస్తకమును తెరువవలెను. దాని ప్రతిని బాకీదారుని చేతికీయవలెను. మనము చదివి వినిపించుట కాదు. వాడు నమ్మిన మూడవ మనుష్యుని వెంట తెచ్చుకొమ్మనవలెను. వాని పక్షమున నొకరు గాక నలుగురు వచ్చినచో మరియు మంచిది. వాడు చెప్పిన పనిదినములను మన చేతితో గాక వాని మనుష్యుని చేతనే వ్రాయింపవలెను. నేడు యానాది బాలబాలికలు గురుకుల పాఠశాలలలో చదువుచున్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చి తండ్రి వెంట యజమానుని వాకిటికి వచ్చుటయు కలదు. పదేండ్లవాడు పుస్తకము చేతబట్టుకొని చదువుట కొందరు పెద్దలకు అవమానముగా తోచును. వానికి పీట వేసి కూర్చుండబెట్టవలెను. చదువుచు చదువుచు నడుమ నాగి, "ఈ అయిదువందలు దేనికి?" అని వాడడిగినచో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, ఆ జవాబు వాని తండ్రికిని సమ్మతమైన పిదపనే తరువాతి పంక్తికి పోవలెను.